ఇక్కడ గాలీ లేదు, వానా లేదు

మా ఆయన విశాఖపట్నం పోర్టులో కలాసీ. మాది కృష్ణా జిల్లా, నది సముద్రంలో కలిసే చోట ఒక పల్లె. పెళ్లయ్యాక వచ్చి హార్బరు పక్కన రేకుల ఇంట్లో కాపురం పెట్టాం. ఇది డెబ్బైల నాటి సంగతి. తుఫాను వస్తోందంటే పోర్టులో ఒక ఎత్తు స్తంభానికి నల్లటి బుట్టల్లాంటివి ఎక్కించేవారు. ఏ బుట్ట ఎలా వేలాడితే ఎంత ప్రమాదమో కలాసీలకు తెలుసు. మా ఆయనకు అక్షరం రాదు, నాకూ రాదు. ఆ బుట్టలు చెప్పిందే ఆయనకు వేదం.

ఆ ఏడు నాకు బిడ్డ పుట్టింది. సాయం చేయడానికి మా అయ్య నా చెల్లెల్ని పంపాడు. దానికి పదహారేళ్లు. అయిదో తరగతి చదివింది, ఇంట్లో అక్షరం వచ్చింది దానికొక్కదానికే. ఓడ లోపలికి తీసుకెళ్లి చూపిస్తానని మా ఆయన దానికి మాటిచ్చాడు.

ఒకరోజు డ్యూటీ దిగి వస్తూనే ఆయన అన్నాడు: "పెద్ద సిగ్నలు ఎక్కింది. ఈసారి మన మీదికే. ఈ రేకులు ఆగవు. చంటిదానితో నువ్వంత దూరం పోలేవు, నీ చెల్లెల్నైనా పొద్దున్నే రైలెక్కించు."

"ఓడ చూడకుండా నేను పోను బావా" అంది చెల్లెలు.

"ఓడ ఎక్కడికీ పోదు, నోరు మూసుకుని మూట కట్టుకో" అన్నాను నేను. పరాయివాళ్ల పిల్లని కసిరినట్టు కసిరాను. తెల్లారి చంటిదాన్ని చంకనేసుకుని, నేనే నంబరు చూసి బస్సెక్కించి, స్టేషనుకు తీసుకెళ్లాను. నా వంగపండు రంగు ఓణీ దానికిచ్చాను. రైలు కదిలేదాకా అది నా మొహం చూడలేదు.

తుఫాను మా మీదికి రాలేదు. దారి మళ్లి కృష్ణ వైపు పోయింది. ఇక్కడ మా రేకు ఒక్కటి కూడా లేవలేదు. అక్కడ సముద్రం ఊళ్ల మీదికి నడిచి వచ్చిందని టీ కొట్టు రేడియోలో విన్నాం. రైళ్లు ఆగిపోయాయి, తీగలు తెగిపోయాయి. పోర్టులో మా జిల్లా మనుషులు ఒకరి మొహాలొకరు చూసుకోవడం మానేశారు.

వారం దాటాక గాజువాక నుంచి బియ్యం, బట్టలు వేసుకుని ఒక లారీ అటు వెళ్తోందని తెలిసింది. మా ఆయన సెలవు పెట్టి అందులో చోటు సంపాదించాడు. మర్నాడు ప్రయాణం. ఆ సాయంత్రం పోస్టు కార్డు వచ్చింది.

పక్కింటాయన ఈ ఊరివాడే, పోర్టులోనే పని. మా లైనులో ఉత్తరాలన్నీ ఆయనే చదివేవాడు. నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. కార్డు పట్టుకుని పరుగెత్తాను. ఆయన గుమ్మంలోనే నిలబడి, అరచేత్తో కార్డును ఒకసారి తుడిచి, గట్టిగా చదివాడు:

"అక్కకు, నేను క్షేమంగా చేరాను. ఇక్కడ గాలీ లేదు, వానా లేదు. ఎండ కాస్తోంది. మీకు ఎలా ఉందోనని అయ్య బెంగ పెట్టుకున్నాడు. బావను ఓడ సంగతి మరిచిపోవద్దను."

నేను కూలబడి ఏడ్చాను.

"ఏటి సెల్లెమ్మా, ఇంకా ఏడుత్తన్నావేటి? మీ ఊరికి గాలే తగల్నేదట! బావా, ఇంత మంచి కబురు సదివినాను, టీ అయినా పొయ్యవా?"

"టీ ఏంట్రా, భోజనమే పెడతా" అన్నాడు మా ఆయన. లైనంతా బెల్లం పంచాను. మా జిల్లా ఆడవాళ్లు ఆ బెల్లం చేతిలో పట్టుకుని నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. లారీలో చోటు ఆయన వేరే వాళ్లకిచ్చేశాడు.

కార్డు రవికెలో పెట్టుకుని తిరిగాను. రోజూ సాయంత్రం తీసుకెళ్లి మళ్లీ చదివించుకునేదాన్ని. పక్కింటాయన విసుక్కోకుండా చదివేవాడు. నాలుగో రోజు "అక్కకు" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. కార్డు పై మూలకేసి చూశాడు. తిప్పి పోస్టు ముద్ర చూశాడు. మళ్లీ తిప్పాడు.

"సదువన్నయ్యా" అన్నాను, ఆయన మాటే పట్టి సరదాగా.

ఆయన చదవలేదు. "సెల్లెమ్మా... ఇది గాలి రాకముందు రాసిందమ్మా. నాను తేదీ సూణ్నేదు."

మా ఆయన ఆ పూటే బయల్దేరాడు. వారానికి తిరిగొచ్చాడు. ఊరున్న చోట ఇసుక ఉందట. మా అయ్య జాడ లేదు. నాలుగైదు రోజుల ముందు దాకా తుమ్మ చెట్లలో శవాలు దొరికాయని, దొరికిన వాళ్లను దొరికిన చోటే కాల్చేశారని చెప్పారట. వంగపండు రంగు ఓణీ ఎవరి ఒంటి మీదైనా ఉందా అని ఈయన కనబడ్డ ప్రతివాడినీ అడిగాడు. రంగులు ఎవరికి గుర్తుంటాయి? మొదటి లారీలో వెళ్లి ఉంటే చూసేవాడేమో. బతికించేవాడని నేను అనడం లేదు. చూసేవాడు. అంతే.

నేను వీధిలో నిలబడి పక్కింటాయన్ని తిట్టాను. చదువుకున్న గుడ్డివాడివన్నాను. నా చెల్లెల్ని కాకులకేసిన పాపం నీదే అన్నాను. ఆ తర్వాత మా లైనులో ఎవరి ఉత్తరమూ ఆయన చదవలేదు. బతిమాలినా ముట్టుకోలేదు.

స్టీలు ప్లాంటు కట్టే రోజుల్లో మేం గాజువాక మారాం. అక్కడ పెద్దవాళ్లకు చదువు చెప్పే బడి పెడితే వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు పేపరు చదువుతాను. ఏ దేశంలో భూకంపం వచ్చినా, వరదొచ్చినా అక్షరం వదలను. బతికి బయటపడ్డారని ఎవరి ఫొటో అయినా వేస్తే, అది ఎప్పుడు తీసిందోనని వెతుకుతాను. ఆ ఇంటివాళ్లు బెల్లం పంచి ఉంటారా అని ఆలోచిస్తాను.

బడిలో పంతులమ్మ మొదటి రోజే "ఏమైనా వచ్చా?" అని అడిగింది. "అంకెలొచ్చు" అన్నాను. బస్సు నంబర్లు, కొట్లో లెక్కలు, క్యాలెండరు, అన్నీ వచ్చు, చిన్నప్పటి నుంచీ. ఆ మాట నోట్లోంచి వచ్చాక పలక అక్కడే వదిలేసి లేచాను. ఇంటికెళ్లి పెట్టె అడుగున ఉన్న కార్డు తీశాను. తేదీ పై మూలన అంకెల్లోనే ఉంది. చెల్లెలు లావుగా, స్పష్టంగా వేసింది. ఆ కార్డు మొత్తం మీద నేను చదవగలిగింది అదొక్కటే. నాలుగు రోజులు గుండెకు ఆనించుకుని తిరిగాను. ఒక్కసారి కూడా దానికేసి చూడలేదు.

ఈ మాట మా ఆయనకు చెప్పలేదు. పక్కింటాయనకు చెప్పాలని ఒకసారి హార్బరు దాకా వెళ్లాను. ఇంటికి తాళం వేసి ఉంది. ఆయన పోయి అప్పటికి ఏడాదైందని పక్కవాళ్లు చెప్పారు.