ఉప్పు వేసిన చెయ్యి

ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ని. తప్పులు దిద్దే ఉద్యోగం నాకెవరిస్తారు? ఆ సరదా సినిమా హాల్లో తీర్చుకున్నాను.

పెళ్లిళ్లకు వంట చేసే మా పెద్దన్న జీవితం మీద సినిమా తీశారు. సిద్దిపేటలో మధ్యాహ్నం ఆటకు ముగ్గురం వెళ్లాం. అన్నకూ నాకూ మధ్యలో వదిన.

"వదినా, ఒకటి. కొండపాక పెళ్లిల గిన్ని కొబ్బరిచెట్లు ఎక్కడియి?"

"సప్పుడు చేయక సూడు."

"రెండు. పొయ్యి కాడ నిలవడ్డా హీరో తెల్లంగి మాస్తలేదు. అన్న అంగిలు నువ్వెన్ని పిండినవో!"

ఆమె నవ్వు ఆపుకుంది. నేను ఊరుకుంటానా! తెర మీద ఉల్లిగడ్డలు తరిగే చేతులు నావనీ, కన్నీళ్లు మాత్రం హీరోవనీ చెవిలో వేశాను. బగారన్నం గుండిగ మీద లేస్తున్నది కూడా వెనక దాచిన సాంబ్రాణి పొగే. షూటింగులో నా కళ్లతో చూశాను. అయినా అది తెరంతా పరుచుకుంటుంటే నాకు లవంగం, పుదీనా వాసన తగిలింది. హాలు మెల్లగా కరిగిపోయింది. ఏదో ఊరు, ఏదో పెళ్లి, తెల్లవారుజామున టెంటు కింద పొయ్యిలు. పొగలో అన్న గరిటె తిప్పుతున్నాడు. పక్కన ఉప్పు గిన్నెతో వదిన.

మా వంటలో ఒక కట్టుబాటు ఉంది. ఎంతమందికి వండినా ఉప్పు ఒక్క చెయ్యే వేయాలి. ఇద్దరు వేస్తే ఎవరెంత వేశారో తెలియక కూర పాడవుతుంది. మా పొయ్యిల దగ్గర ఆ చెయ్యి వదినది. అన్న ఉప్పు ముట్టడు.

తెర మీద హీరో పిడికెడు ఉప్పు తీసి పైనుంచి చల్లాడు. హాలంతా ఈలలు. తెర మీది వదినేమో ఇంట్లో గడప మీద కూర్చుని ఆయన కోసం ఎదురుచూస్తోంది.

నా లెక్క అక్కడ ఆగింది. ఆ సినిమావాళ్లకు కథ చెప్పింది నేనే. మూడు రోజులు నవ్వించి నవ్వించి చెప్పాను. ఉప్పు సంగతి మాత్రం నోట రాలేదు. పక్కకు తిరిగి వదిన ముఖం చూడాలంటే భయమేసింది.

ఇంటర్వెల్లో మక్క పేలాలు తెచ్చాను. అన్న పొట్లం అందుకున్నాడు కానీ నోట్లో వేసుకోలేదు. అలవాటుగా ఆమె ముందుకు చాచాడు.

"సూడు."

ఆమె ఒక్క పేలం నమిలింది. "ఉప్పు తక్కువైంది."

"వదినా, నీ ముచ్చట చెప్పుడు మర్చిపోయిన," అన్నాను.

"నాకెర్కే. ఇంతసేపు తప్పులు లెక్కవెట్టినవు గదా, గిది ఎన్నోది?"

"ఒకటోది."

అంతలో అన్నను ఎరిగిన వెనక సీటతను ఆయన భుజం తట్టాడు. "కాకా, జబర్దస్తుగ ఏసినవు గా ఉప్పు!"

అన్న తలవంచుకున్నాడు. నేను లేచి నిలబడి, నాలుగు వరుసలకు వినబడేలా అన్నాను: "ఆయన ఎన్నడు ఏయలే తమ్మీ. ఏసింది మా వదిన."

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"కూసోరా, సినిమా షురువైతున్నది," అంది వదిన.

లైట్లు ఆరిపోయాయి. తెర మీద మళ్లీ సాంబ్రాణి పొగ లేచింది. ఆ వెలుగులో, ఒళ్లో ఉన్న ఆమె కుడిచెయ్యి మెల్లగా పిడికిలి పట్టి, విప్పుతోంది.