పొలాల పండుగనాటి గవ్వల పట్టెడ

మా ఆదిలాబాద్ వైపు పొలాల అమావాస్యనాడు ఊరి ఎడ్లన్నీ హనుమంతుని గుడి ముందు మామిడాకుల తోరణం కింద నుంచి నడుస్తాయి. ముందు నడిచే జోడి ఎప్పుడూ మాదే. దానికి మా తాత పెట్టిన కట్టడి ఒకటి ఉండేది: ముందు జోడి మెడపట్టెడలో లోపమున్న గవ్వ ఒక్కటి కూడా ఉండకూడదు.

ఆ గవ్వలను ఏరడం మా అవ్వ పని; మా వైపు అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలుస్తాం. సముద్రం ఎన్నడూ చూడని ఆమె వేళ్లకు గవ్వ వయసు తెలిసేది. లేతది కోడిగుడ్డు పెంకులా పలుచన. నోరు వెడల్పు, పళ్లుండవు. ఎదిగేకొద్దీ అంచు లోపలికి ముడుచుకుని పళ్లు వస్తాయి, ఆ తర్వాతే వీపు గట్టిపడి మెరుస్తుంది. కొన్ని గూని వీపుతో పెరుగుతాయి. కొన్ని చిన్నప్పుడే పగిలి, అతుకు గీతతోనే పెద్దవవుతాయి. అలాంటివన్నీ అవ్వ ఒక కుండలో వేసేది.

నిజాం రాజ్యం పోయాక కోర్టు దావాల్లో మా భూములూ పోయాయి. బాపు పెద్ద జోడిని ఊళ్లోకి కొత్తగా వచ్చిన పత్తి సావుకారుకు అమ్మాడు. ఎద్దును అమ్మినవాడు పలుపూ పట్టెడా విప్పి ఉంచుకుంటాడు; లక్ష్మి ఇంట్లో నిలవాలని అది ఆనవాయితీ. అవ్వ విప్పబోయింది. బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

“మనింటి ఎడ్లు బోడి మెడతోని పోవు.”

“అమ్మింది ఎడ్లను. ఇజ్జత్ గూడ కట్టిస్తవా?” అంది అవ్వ.

ఆయన వినలేదు, పట్టెడలతోనే తోలించాడు.

పండుగకు, మిగిలిన ముసలి జోడి కోసం అవ్వ ఆ కుండే దించింది. లేతవీ, గూనివీ, అతుకువీ కలిపి పట్టెడలు కుట్టింది. “గీసారి ఎనుక నడువుండ్రి, ఎవ్వరడుగరు” అని బాపును బతిమాలింది. ఆయన పట్టెడల వైపు చూడనైనా లేదు. మా ఇంటి పట్టెడలో లోపం ఉండగలదని ఆ మనిషికి తోచదు.

గుడి ముందు సావుకారు జోడి అప్పటికే ముందు నిలబడి ఉంది.

“కట్టడి ఉన్నది. పట్టెడలు చూసి నడిపియ్యుండ్రి” అన్నాడు బాపు, ఊరి పెద్దతో.

పెద్దాయన సావుకారు ఎడ్ల మెడలు తడిమాడు. ప్రతి గవ్వా నిండుగా, పళ్లతో ఉంది. అన్నీ అవ్వ ఏరినవే. తర్వాత మా ఎద్దు మెడ తడిమాడు. లేత గవ్వ ఒకటి ఆయన బొటనవేలి కింద పటుక్కున పగిలింది.

“పటేలా, ఎడ్లేమో ముసలియి, గవ్వలకేమో పండ్లే రాలే!” అన్నాడు సావుకారు, బాపుతో.

జనం నవ్వారు. ఒకప్పుడు మా అరుగు కింద చెప్పులు విడిచి నిలబడ్డ జనమే.

“గవి మా గవ్వలు!” అని సావుకారు ఎడ్ల మెడలు చూపిస్తూ నేను అరిచాను.

“మీయే. మీ బాపే కట్టిచ్చిండు. నేనడిగిన్నా?”

వాడి జోడి ముందు నడిచింది. బాపు మా ఎడ్లను తోరణం కిందికి పోనివ్వకుండా ఇంటికి మళ్లించాడు.

అవ్వ ఎడ్లకోసం పప్పూ బెల్లం పూర్ణం పెట్టి చేసిన పోలెల పళ్లెంతో వాకిట్లోనే ఎదురొచ్చింది. ఆయన మొహం చూసింది.

“ఎనుక నడిస్తే నీ మీసం వంగుతుండె. నోరులేనియి, గీటికి పండుగెందుకు లేకుండ జేసినవ్?” అంది.

సావుకారు మీద నాకున్న కోపం ఎన్నడో చల్లారింది. బాపు మీదిది చల్లారలేదు. ఆ రోజు ఎడ్లు పోలెలు తిన్నాయి. ఆయన పళ్లెం అట్లాగే ఉంది. అవ్వ తినమని అనలేదు.