వెదురు తలుపు కంప్యూటర్

మొన్న ఫోన్‌ల మీ కొత్త కంప్యూటర్ చూపించిన్రు గద బిడ్డా. పక్క తలుపంతా అద్దమే, లోపల నీలిలైట్లు, గిరగిర తిరిగే ఫ్యాన్లు. "అమ్మమ్మా, లోపల సామానంతా కనబడాలె, గదే స్టైలు" అన్నడు చిన్నోడు. నేను నవ్వుతుంటే ఫోన్ వంకరపోయి మీకు నా చెవి ఒక్కటే కనబడ్డదంట. ఎందుకు నవ్విన్నో గప్పుడు చెప్పలే. మన ఇంట్లకొచ్చిన మొదటి కంప్యూటర్‌కు అసలు పక్క తలుపే లేకుండె. దాని పేగులు కూడా వచ్చినోళ్ళందరికీ కనబడేటియి. మేమే దాన్నెట్ల కప్పాల్నా అని తిప్పలు పడ్డం.

అప్పుడు మేము పాల్వంచల, కంపెనీ క్వార్టర్ల ఉండేటోళ్ళం. మీ తాతకు బొగ్గు కాల్చే కరెంటు ఫ్యాక్టరీల షిఫ్టు డ్యూటీ. గాలి మా దిక్కు తిరిగిందంటే ఇంటినిండ బూడిదే. దండెం మీది చీర దులిపితే బూడిద, బిందె మీద మూత మరిస్తే నీళ్ళల్ల బూడిద. అందుకే మీ తాత కండ్లబడ్డ వస్తువుకల్లా తొడుగు కుట్టేటోడు. టీవీకి, మిక్సీకి, ఆఖరికి గోడ గడియారానికి కూడా. "కదలకుండ కూసుంటే నాన్న మనకు కూడా తొడుగుతడే అమ్మా" అని మీ అమ్మ ఆటపట్టించేది.

గట్ల నవ్వే పిల్ల, డిగ్రీల ఒక సబ్జెక్టు పోయేసరికి నోరు మూసుకున్నది. ఎవరింటికీ పోదు, ఎవరొచ్చినా లోపలి అర్రలకు పోతది. కంప్యూటర్ టైపింగ్ ఒక్కటి మాత్రం నేర్చుకున్నది, అది బాగ వచ్చు. కొత్తగూడెంల టైపింగ్ షాపు నడిపే ఆమెను పని అడిగితే, "ఇక్కడ కుర్చీ ఖాళీ లేదమ్మా. నీ ఇంట్ల సిస్టమ్ ఉంటే బడి పరీక్ష పేపర్లు పంపిస్త. మొదటిది టైముకిచ్చి చూపెట్టు, తర్వాత అన్నీ నీకే" అన్నదంట. ఆ దినం మీ అమ్మ మళ్ళ కడుపునిండ తిన్నది.

కొత్తది కొనే తాహతు మాకెక్కడిది? ఖమ్మంల ఒక సాయిబు భాయ్ ఉండె, బందయిన నెట్ సెంటర్ల సామాను అమ్మేటోడు. నేనూ మీ అమ్మా పోతే, తెర ఒక కుప్పల నుంచి, కీబోర్డు ఇంకో కుప్పల నుంచి, డబ్బా అటక మీది నుంచి తీసిండు. డబ్బాకు ఒకపక్క రేకు లేదు. "తలుపేది భాయ్?" అని నేనడిగిన. "తలుపెందుకు చెల్లెమ్మా, లోపల బంగారమున్నదా?" అని నవ్విండు. ఏ తీగ ఎక్కడ పెట్టాల్నో మీ అమ్మకు ఓపికగా చూపెట్టిండు. బస్సుల ఆ తెరను ఒళ్ళె పెట్టుకుంటే, పసిపిల్లను మోసినట్టే నా తొడలు తిమ్మిరెక్కినయి. కండక్టరేమో, "దీనికి హాఫ్ టికెట్టా, ఫుల్ టికెట్టా?" అని ఒకటే పరాచికం.

ఇంటికొచ్చి మీ అమ్మ చాప మీద అన్నీ పరిచి కూసున్నది. లోపల పెట్టే ఒక చిన్న పలక, ర్యామ్ అంటరంట, దాని అంచుకు పసుపుపచ్చ రేకు పండ్లుంటే, వాటిని మురికి పోయేదాక పెన్సిలు రబ్బరుతోని రుద్ది రుద్ది డబ్బాల పెట్టింది. స్విచ్చి వేస్తే తెర మెల్లగ తెల్లారినట్టు వెలిగింది. మీ అమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

మొదటి పేపరు రానే వచ్చింది. టైపు కొట్టిందంత ఫ్లాపీల ఎక్కించి సాయంత్రం బస్సుకు పంపియ్యాలె. లోపలికి బూడిద పోతదని మీ తాత అప్పటికే ఆ డబ్బాకు పాత స్కూటర్ సీటు రెగ్జిన్‌తోని బిగుతుగ తొడుగు కుట్టి, మురిసిపోయి డ్యూటీకి పోయిండు. మీ అమ్మ కొంచెం టైపు చేస్తది, అది టప్పున ఆరిపోతది. మళ్ళ వేస్తది, మళ్ళ ఆరిపోతది. "పాత సామానే గంతె. నా నసీబే గంతె" అని మోకాళ్ళల్ల తల పెట్టుకున్నది. మధ్యాహ్నం మీ తాత వచ్చి, డబ్బా మీద చెయ్యి పెట్టి ఎమ్మటే తీసిండు. "ఓరి నాయనో, కాగుతున్నదే! రోజూ ఫ్యాక్టరీల వేడి నీళ్ళు చల్లార్చే డ్యూటీ చేసేటోణ్ణి, దీనికి దుప్పటి కప్పిన్నా నేను!" పండ్లతోని దారం కొరికి తొడుగు లాగేసిండు.

తీస్తే బూడిద, కప్పితే ఉడుకు. నాకు మా అమ్మగారి ఊరు యాదికొచ్చింది. భద్రాచలం అడవి దిక్కు మా వంటింటి గోడ వెదురు తడికే. పొగ పోతది, గాలి వస్తది. మా తమ్ముడు తెచ్చి వసారాకు కట్టిన తడిక ఉంటే, అందుల ఒక ముక్క కోసి, వెనక పల్చటి పంచె గుడ్డ కుట్టి డబ్బాకు తలుపు కట్టిన. అయినా పొద్దటి వేడి తగ్గలే. టేబుల్ ఫ్యాను పెడితే కాయితాలన్నీ లేచిపోయె. మీ తాత డ్యూటీ చొక్కా కూడా విప్పకుండ విసనకర్ర తీసుకొని దాని పక్కన కూసున్నడు.

"చాలు నాన్నా, చెయ్యి గుంజుతది."

"నువ్వు కొట్టు బిడ్డా. నీది అయ్యేదాక నాది ఆగదు."

ఫ్లాపీ బస్సెక్కింది. పేపర్ల పని మీ అమ్మకు ఖాయమైంది. అప్పటి నుంచి ఎవరన్న ఇంటికొస్తే మీ అమ్మ లోపలికి పోలే, "ఇది మా అమ్మ చేసిన తలుపు" అని తనే చూపెట్టేది. పోయిన సబ్జెక్టు కూడా ఆ ఏడే పాసయింది.

మీ తాత పోయి ఏండ్లయె, ఆ తడిక కూడా చెదలు తిన్నది. మొన్న మీ అద్దం వెనక ఫ్యాన్లు తిరుగుతుంటే చూస్తనే ఉన్న బిడ్డా. కాలం చేతిల విసనకర్ర మారింది గానీ, పిల్లల కోసం విసిరిన ఆ గాలి ఇంకా ఆగనే లేదనిపించింది.