డిక్కీ కింద రెండు టర్బోలు

మా నాన్న ఆదోనిలో పత్తి వ్యాపారి. మా ఇంట్లో అగ్గిపెట్టె వంటగది గడప దాటకూడదు. గోడౌన్‌లో బీడీ వెలిగించాడని, ఏళ్లుగా నమ్మకంగా పనిచేసిన హమాలీని ఆ పూటే పంపేసిన మనిషి ఆయన. అలాంటి ఇంట్లో పుట్టి నేనూ మా అన్నా కారు పొగగొట్టాల పిచ్చిలో పడ్డాం. నేను మెకానికల్ ఇంజనీరింగు చదివాను. అన్నకు వెల్డింగు చెయ్యి బాగా తిరిగింది. పత్తి లేని నెలల్లో ఖాళీగా ఉండే షెడ్డును నాన్న మాకు వదిలాడు. కొత్త పత్తి రాకముందే ఖాళీ చెయ్యాలన్నది ఒక్కటే షరతు.

మాది ఆరు సిలిండర్ల పాత కారు. దానికి రెండు టర్బోలు పెట్టాలని అన్న పట్టుబట్టాడు. ఇంజను వదిలే పొగ విసురుకు టర్బోలో చక్రం తిరిగి, ఇంజనులోకి గాలిని దట్టించి పంపుతుంది. దాంతో కారుకు బలం పెరుగుతుంది. మామూలుగా టర్బో ఇంజను పక్కనే ఉంటుంది. మా బానెట్ కింద చెయ్యి దూరే సందు కూడా లేదు. అందుకని సైలెన్సర్లు తీసేసి, ఆ చోట, డిక్కీ కింద వాటిని బిగించాం.

గొట్టాల లెక్క నాది. పొగ అంత దూరం పోయేసరికి చల్లారి విసురు తగ్గుతుంది. గొట్టం లావైతే టర్బో బద్ధకంగా తిరుగుతుంది, మరీ సన్నమైతే ఇంజనుకు ఊపిరాడదు. రెండింటికీ మధ్య కొలత పట్టుకుని, వేడి పోకుండా గొట్టాలకు మంటను తట్టుకునే పట్టీ చుట్టాం. టర్బోలు ఇంజను కంటే పల్లంలో ఉన్నాయి కాబట్టి వాటిలోకి పోయిన ఆయిల్‌ను వెనక్కి లాగడానికి చిన్న పంపు పెట్టాం. అన్నీ కుదిరాయి. నా దడంతా పెట్రోల్ ట్యాంకు గురించే. టర్బోలకూ దానికీ మధ్య జానెడు దూరం. రేకు మీద రేకు అడ్డం పెట్టించినా, అన్నం కలుపుకుంటున్నప్పుడు కూడా ఆ జానెడే కళ్ల ముందు మెదిలేది.

ఎమ్మిగనూరులో మా చిన్నత్త ఇంటిదాకా నడిపి చూద్దామనుకున్నాం. తీరా బయల్దేరేసరికి నాన్న వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు.

"నాయనా, నువ్వు దిగు. ముందు మేం పోయొస్తాం," అన్నాను.

"మీరు కూసునే బండిలో నేను కూసుంటే ఏమి? పోనీరా," అన్నాడు అన్నతో.

ఆయన కూర్చున్నది సరిగ్గా టర్బోల ముందు. నేను ఒక కన్ను వేడి చూపే మీటరు మీద, ఒక కన్ను ఆయన మీద పెట్టుకుని కూర్చున్నాను.

"పాపా, ఊరికే ఆ ముల్లు సూడొద్దు. నాకూ బయమైతాంది," అన్నాడు అన్న.

అవి కొర్ర కోతల రోజులు. బళ్లు తొక్కితే గింజ రాలుతుందని రైతులు కోసిన కొర్రను రోడ్డు మీదే పరిచారు. తప్పుకుందామంటే ఎదురుగా లారీలు. రెండు మూడు చోట్ల తొక్కుకుంటూ వెళ్లాం. కాసేపటికి కాలిన వాసన వచ్చింది. కొత్త పట్టీ మొదట్లో పొగ వదలడం మామూలే, అదేనని పైకే అన్నాను. అన్నానే గానీ మీటరు మీదికి వంగాను.

నాన్న ముందుకు వంగాడు. "పట్టీ కాదు. గడ్డి కాల్తాంది. నిలుపురా!"

అన్న గట్టిగా బ్రేకు తొక్కి ఇంజను ఆపేశాడు. కారు ఇంకో కొర్ర పరుపు మధ్యలో ఆగింది. తూర్పారబడుతున్న ఒకామె చేట పారేసి పరిగెత్తుకొచ్చింది. "యప్పా, ఈడ నిలిపినారేమప్పా! కింద మంట!"

దిగి వంగి చూశాను. ఎడమ టర్బో చుట్టూ గడ్డి ఉండలా చుట్టుకుని ఎర్రగా రాజుకుంటోంది. నిప్పురవ్వలు కింద పరిచిన కొర్ర మీద పడుతున్నాయి. అన్న చెయ్యి తాళం మీదికి పోయింది.

"స్టార్ట్ చెయ్యొద్దు! న్యూట్రల్‌లో పెట్టు, తోద్దాం!" అని అరిచాను. ఇంజను తిరిగితే పెట్రోలు పారుతుంది.

నేను, నాన్న, ఆమె కలిసి తోశాం. నాన్న పంచె ఎగగట్టి, "ఉరుకుంద ఈరన్నా" అని దేవుణ్ణి తలుచుకుంటూ భుజం ఆనించాడు. కారు వట్టి రోడ్డు మీదికి వచ్చింది. ఆమె వెనక్కి పరిగెత్తి గోనెసంచితో రాజుకున్న గడ్డిని కొట్టసాగింది. కారులో ఉన్న మంటలార్పే చిన్న సిలిండర్ మొత్తం ఖాళీ చేశాను. ఎరుపు ఆరింది, మళ్లీ రాజుకుంది. అన్న ఆమె నీళ్ల కడవ ఎత్తుకొచ్చాడు. కాలిన ఇనుము మీద చన్నీళ్లు పడితే పగులుతుందని నాకు తెలుసు. ట్యాంకు వైపు చూశాను.

"పొయ్యి!" అన్నాను.

టప్పుమని చప్పుడు. ఆవిరి. మంట చచ్చింది, టర్బో పగిలింది.

ఆమె కొర్రలో చాపంత మేర నల్లబడింది. ఆమె గోనెసంచి కింద పడేసింది. "ఏడాది కట్టమప్పా ఇది! సూసుకోని రావద్దా?"

నాన్న చేతులు జోడించాడు. "తప్పయింది తల్లీ." మేం ముగ్గురం ఆమెతో కలిసి మిగిలిన కొర్రను ఎడంగా లాగి, ఇంకెక్కడైనా నిప్పు దాగి ఉందేమోనని చేతులతో తడిమి చూశాం.

కారును ట్రాక్టరుకు కట్టి ఎమ్మిగనూరు చేర్చాం. నాన్న అత్త ఇచ్చిన టీ ముట్టకుండా కారు చుట్టూ తిరిగి చూసి వచ్చాడు. షెడ్డుకు ఇక తాళమే అనుకున్నాను.

మర్నాడు కారును ట్రాక్టరుతోనే ఆదోనికి లాక్కొచ్చాక, ఆయనే షెడ్డుకు వచ్చి కారు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"పైన ట్యాంకుకు రేకు పెట్టినావు. కింద ఏమీ లేకపాయె?"

"గాలి తగలాలని వదిలేసినాం నాయనా."

"పత్తి గింజ తీసే జిన్నింగు మోటర్లకు దూది పోకుండా జల్లెడ కడతాం సూడు. గాలీ ఆడుతుంది. అట్ల కట్టుకోండి. లేకుంటే ఈ పని మానుకోండి."

పగిలిన టర్బో మార్చి, డిక్కీ అడుగు కోసి రెండింటినీ పైకి జరిపాం. కింద సన్నకంతల ఇనుప జల్లెడ బిగించాం. పత్తి రావడంతో షెడ్డు ఖాళీ చేసి, మిగతా పని ఒక స్నేహితుడి గ్యారేజీలో ముగించాం.

కంది కోతలప్పుడు మళ్లీ అదే దారిలో వెళ్లాం. ఈసారి నాన్న ముందు సీట్లో కూర్చున్నాడు. రోడ్డు మీద కంది కట్టె తొక్కిన ప్రతిసారీ "నిలుపు" అనేవాడు. నేను దిగి, దుమ్ములో పడుకుని, జల్లెడ కిందికి టార్చి వేసి చూసి, ఏమీ లేదని చెప్పేదాన్ని. ఆయన నమ్మేవాడు కాదు. తానూ దిగి, వంగి వాసన చూసేవాడు. ఎమ్మిగనూరు చేరేసరికి అత్త వండిన అన్నం చల్లారిపోయింది.