కడిగినా పోని దిష్టి చుక్క

మంగళవారం, ఉదయం పదిన్నరకు మొదలైంది. నీళ్లు పొయ్యి మీద పెట్టినప్పుడు గడియారం చూడటం నా అలవాటు.

మా సందులో పుట్టిన పిల్లలకు నేనే నీళ్లు పోస్తాను. పక్క వాటాలో కిరాయికి ఉన్న జంటకు మూడో నెల ఆడపిల్ల. తండ్రి గ్రానైట్ ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ చేసి పగలు పడుకుంటాడు. తల్లికి ఇరవై నిండాయో లేదో.

పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పిల్లను బోర్లా వేసుకున్నాను. చెవి వెనక ఇంత పెద్ద దిష్టి చుక్క.

"అది తుడవకు అవ్వా" అంది తల్లి.

"చెవి వెనక ఎవరు చూస్తరని పెట్టినవే? దిష్టి తగలాలన్నా కనపడాలె గదా" అని నవ్వాను.

నలుగుపిండికి కాటుక పోయింది. దాని కింద నీలం పోలేదు. చూస్తే రెట్ట మీద కూడా వరసగా నాలుగు మచ్చలు, పెద్దవాళ్ల వేళ్లంత ఎడంతో. చెంబు కింద పెట్టాను.

"ఏందిది?"

"మంచం మీంచి పడ్డదవ్వా."

"ఇంకా బోర్లానే పడని పిల్ల మంచం మీంచి ఎట్ల పడ్డది బిడ్డా?"

అప్పుడు ఏడ్చింది. "ఆయన డ్యూటీ నుంచి వచ్చి పండుకుంటడు. ఇది ఏడుపు ఆపది. నిన్న పట్టుకుని గట్టిగ ఊపిండు. మంచోడే అవ్వా. బయట తెలిస్తే నన్ను పుట్టింటికి తోలుతడు."

"మంచోడో కాదో తర్వాత చూద్దాం. లోపల దెబ్బ ఉందేమో ముందు చూపియ్యాలె. జల్దీ నడు."

పిల్లను తడి తుడిచి, పాత చీరలో చుట్టి ఆటోలో సర్కారు దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టరమ్మ బట్టలన్నీ విప్పి ఒళ్లంతా చూసింది. కదలలేని పసిపిల్లకు కమిలిన మచ్చ ఒక్కటున్నా ఊరుకోకూడదంది. ఊపితే పైకి ఏమీ కనపడకుండానే తలలో రక్తం కారొచ్చట. ఎక్స్‌రేలు, తలకు స్కానింగ్ తీయించి, పిల్లను అక్కడే ఉంచుకుంది. పిల్లల సంరక్షణ అధికారులకు ఆమే ఫోన్ చేసింది. సాయంత్రం స్కానింగ్‌లో ఏమీ లేదని చెప్పేదాకా తల్లి నా కొంగు వదల్లేదు.

తండ్రి మర్నాడు నా గుమ్మంలోకి వచ్చాడు.

"నీళ్లు పొయ్యమంటే పోసి పోవాలె గాని, మా ఇంటి సంగతి నీకెందుకే ముసల్దానా?"

"పిల్ల రెట్ట మీద నీ చెయ్యి పెట్టి చూసుకో నాయనా. సరిపోకపోతే అప్పుడు తిట్టు."

అతను తన చెయ్యి చూసుకున్నాడు. గుమ్మంలోనే కూర్చున్నాడు.

ఇంటికి రావొచ్చని అధికారులు ఒప్పుకునేదాకా అతను తన అన్న ఇంట్లో ఉన్నాడు. వాళ్ల ముందే పిల్లను చూసి వెళ్లేవాడు. ఏడిస్తే పాలు, తడి గుడ్డ, జ్వరం చూడాలనీ, అయినా ఆపక తనకు కోపం వస్తుంటే పిల్లను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి బయటికి వచ్చేయాలనీ, ఎవరినైనా సాయం పిలవాలనీ వాళ్లు అతనికి చెప్పారు. ఏడుపుతో పిల్లకు ఏమీ కాదు, ఊపితే అవుతుంది. డ్యూటీ కూడా పగటికి మార్పించుకున్నాడు.

ఇప్పుడు పిల్ల పాకుతూ నా గడప దాకా వస్తుంది. అప్పుడప్పుడు అతను ఉన్నట్టుండి వసారాలోకి వచ్చి, చేతులు కట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడతాడు. లోపల ఏడుపు వినిపిస్తుంటుంది. నేను వెళ్లి పిల్లను ఎత్తుకుంటాను.

పోయినవి లెక్క వేస్తే ఇంతే. ఆ రోజు సగంలో ఆగిన స్నానం ఒకటి. అతను నాతో మాట్లాడే మాట. "ఆ అవ్వ నీళ్లు పోయదు, ఒళ్లు వెతుకుతది" అని నన్ను పిలవడం మానేసిన ఇళ్లు రెండు. పిల్లకు పోయింది ఏమీ లేదు.