రాజదర్బారు పెట్టెల్లో అమ్మ గొంతు

యూసుఫ్‌గూడలో ఫోన్ బాగుచేయించుకోవడానికి కూర్చున్నప్పుడు, సోల్డరింగ్ కడ్డీ మీంచి సన్నగా లేచిన పొగ ముక్కుకు తగలగానే ఫిల్మ్ నగర్‌లోని మా ముందుగది గుర్తొచ్చింది. కొంచెం గుగ్గిలంలా, కొంచెం కాలిన తీగలా ఉండే ఆ వాసన 1982లో వానలు మొదలైనప్పటి నుంచి దసరా దాకా మా ఇంటిని వదల్లేదు. మా చెల్లెలు 83 అంటుంది. కాదు. నేనప్పుడు తొమ్మిదో తరగతి, తను ఇంకా ఒకటో తరగతి. తన లెక్క నమ్మడానికి లేదు.

నాన్న స్టూడియోలో సౌండు విభాగంలో సహాయకుడు. మద్రాసు నుంచి వచ్చి గుట్ట కింద అద్దెకు దిగిన కొత్తలో ఆయన ఆదివారాలన్నీ ఒక స్టీరియో కట్టడానికే ఖర్చయ్యాయి. స్టూడియోవాళ్లు పాతసామానులో పడేసిన వాల్వుల యాంప్లిఫయర్లు రెండు, మూతబడిన టూరింగ్ టాకీసువాళ్ల స్పీకర్లు రెండు, మూత విరిగిన రికార్డు ప్లేయరు, దానికి కోఠీలో కొన్న కొత్త ముల్లు. పెట్టెలకు వాడిన ప్లైవుడ్డు పీకేసిన సినిమా సెట్టుది కాబట్టి ఒకదాని పక్కవైపు రంగులతో వేసిన రాజదర్బారు స్తంభం సగం, రెండోదాని మీద నెమలి తోక మిగిలాయి. మేం బండల మీద షూటింగు ఆట ఆడుకుని, సీతాఫలాల జిగురు చేతులతో ఇంటికొచ్చేసరికి వాల్వులు నారింజ రంగులో వెలుగుతుండేవి, వాటి మీది దుమ్ము వేడికి కమురుతుండేది.

ఇదంతా అమ్మ కోసం. అమ్మ మద్రాసులో కోరస్ పాడేది. ఒక భక్తిగీతాల రికార్డులో ఆమె గొంతూ ఉంది కానీ, అరువు తెచ్చిన ప్లేయర్లో ఎన్నిసార్లు వేసినా గొంతులన్నీ ఒకే ముద్ద. కవరు మీద స్టీరియో అని ఉండటం చూసే నాన్న పనిలోకి దిగారు.

"నా గొంతు ఒక్కసారి విడిగా వినపడితే చాలండీ, పాడానని నాకు నమ్మకం కలుగుతుంది" అనేది అమ్మ. నవ్వుతూనే అనేది గానీ, ఆ రికార్డు తుడిచేటప్పుడు ఆమె ముఖంలో నవ్వు ఉండేది కాదు.

పెట్టెలు సిద్ధమయ్యాక నాన్న వాటిని గోడ మధ్యలో ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, ముందు తెల్ల దుప్పటి కట్టారు. ఆయన పనిచేసిన సినిమాలన్నిటిలో పాట తెర వెనక, నడిమధ్య నుంచే వచ్చేది మరి. రికార్డు వేశారు. ముద్ద పెద్దదైంది, అంతే. అమ్మ "బావుందండీ" అనేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

బతుకమ్మ రోజుల్లో ఇంటి ఓనరు మల్లమ్మ సత్తుపిండి ముద్దలు తెచ్చి, ఆ దుప్పటి చూసి గుమ్మంలోనే ఆగింది.

"గిదేంది సారూ, దేవుణ్ని దాచిండ్రా?"

"పాటలండీ, మల్లమ్మగారూ."

"పాటలు మీయి, గోడ నాది. సున్నమెయ్యాలె. జర అటొకటి ఇటొకటి జరుపుండ్రి."

నాన్న గొణుక్కుంటూ ఒక పెట్టెను కిటికీ దగ్గరకు, ఇంకోదాన్ని వంటింటి గుమ్మం పక్కకు లాగి, తీగలు ఊడాయేమోనని అదే రికార్డు వేశారు.

గది తెరుచుకుంది. మగ గొంతులు కిటికీ వైపు, ఆడ గొంతులు వంటింటి వైపు, తాళాలు నడుమ గాల్లో. పులిహోర పోపు గరిటెతో అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.

"అదిగో, ఆ సన్నటి గొంతు నాదే! ఇంకొకావిడ చూడండి, పల్లవి రాకముందే ఊపిరి తీసుకుని ముందే దూకేస్తోంది. పక్కవాళ్లు ఎంత తిట్టుకున్నారో!"

నాన్న మెల్లగా అన్నారు: "అది నువ్వేనే."

"నా గొంతు నాకు తెలీదా?"

"నీకు లోపలి నుంచి తెలుసు. బయటి నుంచి వినేది నేను కదా. మాటల్లోనూ అలాగే దూకుతావు."

మళ్లీ వేశారు. అమ్మ కూడా పాడింది. పెట్టెలోని ఊపిరి, ఆమె ఊపిరి ఒక్కసారే వచ్చాయి. అమ్మ ముఖం ఎర్రబడింది. ఆ తర్వాత కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగనంత నవ్వు. లోపల పోపు మాడిపోయింది.

"మంచిగనే పాడినవ్ గానీ, గంత తొందరేందమ్మా నీకు?" అంది మల్లమ్మ.

సున్నం ఆరాక కూడా పెట్టెలు మళ్లీ గోడ మధ్యకు రాలేదు. ఇంటికెవరొచ్చినా అమ్మ వాళ్లను సరిగ్గా నడుమ కూర్చోబెట్టి, "ఇదిగో, ఇప్పుడు తప్పు చేస్తాను, వినండి" అనేది.

అమ్మా నాన్నా ఇప్పుడు లేరు. మల్లమ్మ ఇంటి స్థలంలో అద్దాల ఆఫీసు లేచింది. మొన్న మా అమ్మాయి ఆ పాటను ఎక్కడో వెతికి నాకు వినిపించింది. ఇప్పటి దాంట్లో పాత రికార్డు గీతల చప్పుడు తీసేశారు, గొంతులన్నీ సరిచేశారు. పల్లవి అందరూ ఒక్కసారే అందుకుంటారు. ఆ చోటు రాగానే నేనే ఊపిరి తీసుకుంటాను, అరక్షణం ముందు.