మామ వినకుండా పోయిన ఇంజన్

మిర్యాలగూడ స్క్రాప్ దుకాణంలో పాత డీజిల్ కారు టర్బో పట్టుకుని, లోపలి ఇరుసు ఊగుతోందా అని వేలితో చూస్తుండగా అత్త ఫోన్ చేసింది. "అల్లుడా, మీ మామ ఇగ లేడు." పొద్దున ఛాతీలో నొప్పన్నాడట, సూర్యాపేట దవాఖానకు చేరేలోపే పోయాడు. ఆ టర్బో తెమ్మన్నది ఆయనే. అక్కడే పెట్టేసి రావడానికి మనసొప్పలేదు. కొని, ఒడిలో పెట్టుకునే బస్సెక్కాను.

మా మేనమామ సూర్యాపేటలో మెకానిక్. నేను పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. తన పాత పెట్రోల్ కారుకు టర్బో పెట్టి వేగం పెంచాలని ఆయనకు ఈ మధ్యే కోరిక పుట్టింది. "గీ వయసుల గా ఉరుకుడేంది" అని అత్త నవ్వేది. ఇంజన్ లోపలి పిస్టన్లు, రాడ్లు, క్రాంకు అన్నీ కంపెనీ పెట్టినవే ఉండాలన్నది మామ షరతు. "గీ పిస్టన్ ఎంత మోస్తదో కంపెనీవోడు సూసే చేసిండు. దానిమీద జరంత ఎక్కువ మోపుదాం, గంతే. ఆశ పడితే ఇంజన్ ఖతం" అనేవాడు.

పిరికివాడని తోటి మెకానిక్కులు ఆటపట్టించేవాళ్లు. నిజమే, పిరికివాడే. పొడవాటి స్క్రూడ్రైవర్‌ను ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ తేడా చప్పుడూ లేకపోయినా మళ్లీ వినేవాడు. భోంచేశాక, ఇంజన్ పైభాగాన్ని బిగించే హెడ్ బోల్టులు ముట్టేవాడు కాదు. "తిన్న చెయ్యి బలం సూపిస్తది, మర పోతది" అనేవాడు. ఎంత బలంతో బిగించాలో కొలిచి చూపే టార్క్ రెంచ్ ఉన్నా అంతే. ఎన్ని మధ్యాహ్నాలు నా కడుపు మాడ్చాడో! ఆ పిరికితనమే ఇవాళ నాకు అన్నం పెడుతోందని మీకు చెప్పుకోవాలి.

కర్మ అయ్యాక ఇంజన్ కట్టాను. హెడ్ బిగించిన రోజు నేనూ పస్తే. ఇంజన్ కంప్యూటర్ సెట్టింగ్ చేయడానికి కోదాడ నుంచి వచ్చినాయన, "బూస్ట్ ఇంకొంచెం పెంచుదామండీ, ఏం కాదు. మీ మామయ్యగారు మరీ భయస్తులు" అన్నాడు. టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడే బూస్ట్. అది మితిమీరితే కంపెనీ పిస్టన్ పగులుతుంది. నాకూ నోరూరింది, కానీ వద్దన్నాను. అన్నాక మళ్లీ అనుమానం. మామ చెప్పినంతకే పగిలితే? పోయిన మనిషి అంచనా తప్పని తేల్చేది నా చేతులే కదా. ఆ మాట తలచుకుంటే తాళంచెవి తిప్పబుద్ధి కాలేదు.

చివరికి అత్తే వచ్చి పక్క సీట్లో కూర్చుంది. "ఆయన సూడకపాయె. నేనన్న సూస్త. నడువు."

చివ్వెంల దారి దాటాక హైవే మీద గట్టిగా తొక్కాను. టర్బో ఈల వేసింది. కారు ముందుకు దూకింది. పిస్టన్ టకటకమంటుందేమోనని ఊపిరి బిగబట్టి విన్నాను. అత్త డోర్ పట్టుకుని "అమ్మో!" అంది, వెంటనే పెద్దగా నవ్వేసింది. మామ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. ఇంజన్‌లో తేడా చప్పుడు ఒక్కటీ లేదు. మామ అంచనా నిలబడింది, నాకు కళ్ల నీళ్లు ఆగలేదు.

ఇంటి ముందు ఆగాం. అంత పరుగు తీశాక టర్బో బాగా వేడెక్కి ఉంటుంది, ఇంజన్‌ను వెంటనే ఆపకూడదని అత్తకు చెప్పాను.

"ఎంతసేపు?"

"జరసేపు అత్తా."

ఆ జరసేపు ఎప్పుడో అయిపోయింది. ఇంజన్ మెల్లగా నడుస్తూనే ఉంది. నేను తాళంచెవి మీద చెయ్యి వేయలేదు, అత్త బెల్టు విప్పలేదు.